ఇంకా బ్లాక్ వాడుతున్నారా?

పోయిన నెల యోగా క్లాసులో పక్క మ్యాట్ మీదావిడ ఎంతో ఆప్యాయంగానే అడిగింది. “ఎనిమిదేళ్లుగా చేస్తున్నానన్నారు కదండీ, ఇంకా బ్లాక్ వాడుతున్నారా?” అప్పుడే, కాళ్లు ఎడంగా పెట్టి పక్కకి వంగే త్రికోణాసనంలోంచి లేచాను. కుడి పాదం పక్కన, చెయ్యి ఆనించుకోవడానికి పెట్టుకున్న ఇటుకలాంటి చెక్క బ్లాక్ నిలువుగా నిలబడి ఉంది. “అవునండీ, వాడుతున్నాను” అన్నాను. క్లాసు మధ్యలో అంతకు మించి మాట్లాడటానికి వీల్లేదు. చెప్పాల్సింది మాత్రం చాలా ఉంది. అందుకే ఇంటికొచ్చి రాయడానికి కూర్చున్నాను.

ఆవిడ మనసులో ఏ చెడూ లేదు. ఆ ‘ఇంకా’ దగ్గరే నాకు పేచీ. బ్లాకు, బెల్టు, దుప్పటి, కుర్చీ అన్నీ చిన్నపిల్లల నడకబండి లాంటివనీ, కొన్నాళ్లకు వదిలేయాలనీ, వదల్లేదంటే మనం ముందుకు పోలేదనీ ఆ ఒక్క మాటలో ఉంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అలా అనుకోవడం వల్లే ఒకసారి నడుం పాడుచేసుకున్నాను. ఇప్పుడు నా అభిప్రాయం పూర్తిగా వేరు. ఒళ్లు నొప్పులతో బిగుసుకుపోయిన మనిషికి ఆసరా ఇవ్వడమంటే ఆసనాన్ని తేలిక చేసి పెట్టడం అనుకుంటాం. నిజానికి నొప్పి తగ్గే పని మొదలయ్యేదే ఆ ఆసరా దగ్గర.

నా సంగతి చెప్తాను. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. ముప్పై ఎనిమిదో ఏట నడుం నొప్పి మొదలైంది. పొద్దున మంచం దిగి చెప్పులు వేసుకోవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. యోగా చేస్తే తగ్గుతుందని అందరూ అంటే ఒక క్లాసులో చేరాను. మూడో వారం పశ్చిమోత్తానాసనం. కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగి కాలి వేళ్లు పట్టుకోవాలి. నా చేతులు మోకాళ్ల కిందకి ఓ జానెడు మాత్రమే వెళ్లాయి. నేర్పే ఆయన వెనక నుంచి వచ్చి నా వీపు మీద రెండు అరచేతులూ పెట్టి “ఇంకొంచెం, ఊపిరి వదలండి, ఇంకొంచెం” అంటూ నొక్కాడు. వేళ్లు అందాయి. క్లాసులో వాళ్లు చప్పట్లు కూడా కొట్టారు. ఆ సాయంత్రానికి నడుం కుడివైపు పట్టేసింది. మూడు వారాలు పక్క మీద అటు నుంచి ఇటు తిరగాలన్నా భయపడ్డాను.

ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు. ఆయనకి కూడా ఎవరో అలాగే నేర్పి ఉంటారు. కానీ ఆ రోజు నా ఒంట్లో జరిగిందేమిటో అర్థం చేసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

తొడ వెనక కండరాలు పిరుదుల కింద తగిలే రెండు ఎముకల దగ్గర మొదలై మోకాలు దాటి కిందకి వెళ్తాయి. అవి బిగిసి ఉన్నవాళ్లు కాళ్లు చాపి కూర్చోగానే కటి ఎముకను వెనక్కి లాగేస్తాయి. కటి వెనక్కి వాలితే నడుం గుండ్రంగా వెనక్కి పొంగుతుంది. అక్కడి నుంచి ముందుకు వంగితే వంగేది తుంటి దగ్గర కాదు, నడుం దగ్గరే. చేతులు కాలి వేళ్లకి అందుతాయి, నిజమే. ఆ అందిన దూరమంతా వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల మీద, వాటి చుట్టూ ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్ల మీద పడుతుంది. పైనుంచి ఒక మనిషి బరువు కూడా తోడైతే చెప్పేదేముంది.

రెండేళ్ల తర్వాత ఇంకో టీచర్ దగ్గర అదే ఆసనం చేయాల్సి వచ్చింది. పేరు వినగానే నా భుజాలు బిగుసుకున్నాయి. ఆవిడ చూసి ఏమీ అనలేదు. రెండు దుప్పట్లు గట్టిగా మడిచి తెచ్చి, “దీని అంచు మీద కూర్చోండి, మధ్యలో కాదు” అంది. నేల నుంచి నాలుగైదు అంగుళాల ఎత్తు వచ్చింది. పాదాల చుట్టూ బెల్టు వేసి రెండు కొసలూ చేతికిచ్చింది. మోకాళ్ల కింద చుట్టిన తువాలు పెట్టింది. “ముందుకు వంగకండి. వెన్ను నిటారుగా పైకి ఎత్తండి, అంతే” అంది.

అంతే చేశాను. ఎత్తు మీద కూర్చోవడంతో కటి దానంతటదే కాస్త ముందుకి వాలింది. మోకాళ్లు కొద్దిగా మడిచి ఉండటంతో తొడ వెనక కండరాలకి లాగే పని తగ్గింది. నడుం గుండ్రం పోయి నిలబడింది. తొడల వెనక, సరిగ్గా మధ్యలో, సన్నగా లాగుతున్నట్టు తెలిసింది. నడుంలో ఏమీ లేదు. ఏమీ లేదంటే ఏమీ లేదు! రెండేళ్లుగా ఎప్పుడూ ఏదో ఒకటి చెప్తూనే ఉన్న చోటు అప్పుడు నోరు మూసుకుంది. బయటినుంచి చూసేవాళ్లకి నేను బెల్టు పట్టుకుని ఊరికే కూర్చున్నట్టు ఉండి ఉంటుంది. నా మట్టుకు నాకు పశ్చిమోత్తానాసనం అంటే ఏమిటో తెలిసింది ఆ రోజే.

ఎందుకిలా అవుతుందనేది నాకు బాగా ఇష్టమైన విషయం, కాస్త వివరంగా చెప్పనివ్వండి. నొప్పి ఉన్న చోటుని శరీరం కాపలా కాస్తుంది. అక్కడ ప్రమాదం ఉందని నాడీ వ్యవస్థకి అనిపిస్తే చుట్టుపక్కల కండరాలన్నిటినీ బిగించి పెడుతుంది. దెబ్బ తగిలిన కొత్తలో అది మంచిదే. కానీ దెబ్బ మానిపోయాక కూడా ఆ కాపలా చాలామందిలో నెలల తరబడి, ఏళ్ల తరబడి కొనసాగుతుంది. బిగుసుకున్న కండరమే మళ్లీ నొప్పి పుట్టిస్తుంది. అలాంటి కండరాన్ని పట్టి లాగితే ఏం చేస్తుంది? ప్రమాదం నిజమేనని నమ్మి ఇంకా బిగుసుకుంటుంది. కింద పడనని, ఎవరూ లాగరని, బరువు మోసేందుకు ఏదో ఒకటి ఉందని తెలిస్తేనే మెల్లగా వదులుతుంది. దీన్ని మాటలతో ఒప్పించలేం. “రిలాక్స్ అవ్వండి” అని ఎంతమంది ఎన్నిసార్లు చెప్పినా నా నడుం వినలేదు. దుప్పటి చెప్తే విన్నది.

ఇది పరీక్షించి చూడాలంటే శవాసనం చాలు. నడుం నొప్పి ఉన్నవాళ్లు కాళ్లు చాపి వెల్లకిలా పడుకుంటే చాలాసార్లు నడుం కింద ఖాళీ ఉంటుంది, అక్కడ ఒక సన్నటి టెన్షన్ ఉంటుంది. తుంటి ముందు వైపు కండరాలు వెన్నెముకను పట్టి పైకి లాగుతుండటం దీనికి ఒక కారణం. ఇప్పుడు ఒక లావు దుప్పటిని గట్టిగా చుట్టి మోకాళ్ల కింద పెట్టండి. తల కింద పల్చటి మడత ఒకటి, గడ్డం పైకి లేవకుండా. ఒకటి రెండు నిమిషాలు ఏమీ తెలియదు. ఆ తర్వాత నడుం కిందకి దిగడం మొదలవుతుంది. మనం దించం, అదే దిగుతుంది. నాకైతే కుడివైపు ముందు దిగుతుంది, ఎడమవైపు కాసేపు ఆలోచించుకుని దిగుతుంది. ఇంకా బాగా పట్టేసిన రోజున పిక్కలు రెండూ కుర్చీ సీటు మీద పెట్టి పడుకుంటాను. పది నిమిషాలు. మందు బిళ్ల వేసుకోకుండా గడిచిన రోజులు నాకు చాలావరకు ఆ కుర్చీ పుణ్యమే.

“అసలు యోగాలో ఇవన్నీ ఎక్కడున్నాయి? ఇవన్నీ ఈమధ్య పుట్టినవి కదా” అనే మాట తరచుగా వింటాను. ఫోమ్ బ్లాకులు ఈమధ్యవే, ఒప్పుకుంటాను. ఆసరా మాత్రం పాతదే. యోగసూత్రాల్లో పతంజలి ‘స్థిరసుఖమాసనం’ అన్నాడు, స్థిరంగా సుఖంగా ఉండేదే ఆసనమని. ఆ సూత్రానికి పాత వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం కొన్ని ఆసనాల పేర్లు చెబుతుంది. పద్మాసనం, వీరాసనం, దండాసనం లాంటి వాటితో పాటు అందులో ‘సోపాశ్రయం’ అని ఒకటుంది. ఉపాశ్రయంతో కూడినది, అంటే ఆనుకోవడానికి ఏదో ఒకటి ఉన్నది. దాని మీద తర్వాతి వ్యాఖ్యాత వాచస్పతి మిశ్రుడు యోగపట్టంతో చేసేదని వివరించాడు. యోగపట్టం అంటే కూర్చున్నప్పుడు మోకాళ్లనీ నడుమునీ కలిపి చుట్టే గుడ్డ పట్టీ. యోగ నరసింహుడి విగ్రహాన్ని చూసినవాళ్లందరూ ఆ పట్టీని చూసే ఉంటారు, మోకాళ్ల దగ్గర అడ్డంగా. ఉగ్రమూర్తే పట్టీ ఆసరాతో కూర్చుంటే మనకి నామోషీ ఎందుకో నాకు అర్థం కాదు. భగవద్గీత ఆరో అధ్యాయంలో ధ్యానానికి కూర్చునే చోటు గురించి చెప్పేటప్పుడు కూడా మరీ ఎత్తు కాకుండా, మరీ పల్లం కాకుండా ఉండాలని, దర్భలు, జింక చర్మం, వస్త్రం పరుచుకోవాలని ఉంది. కూర్చునే ఎత్తు గురించి అంత శ్రద్ధ పెట్టారంటే ఆ ఎత్తు ముఖ్యమని వాళ్లకి తెలుసు.

పతంజలి ఆ తర్వాతి సూత్రంలోనే ‘ప్రయత్న శైథిల్యం’ అంటాడు. ప్రయత్నం సడలడం వల్ల ఆసనం సిద్ధిస్తుందని. పళ్లు బిగబట్టి వేళ్లు అందుకున్న నాటి నా ఆసనంలో ఏ ప్రయత్నమూ సడలలేదు.

ఈ కాలంలో ఆసరాలతో ఆసనాలు చేయించడాన్ని ఒక పద్ధతిగా తీర్చిదిద్దినవాడు బి.కె.ఎస్. అయ్యంగార్. 1918లో పుట్టాడు, చిన్నతనంలో మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ వచ్చి బలహీనంగా ఉండేవాడు. మైసూరులో యోగా గురువు కృష్ణమాచార్య దగ్గర నేర్చుకుని 1937లో నేర్పడానికి పుణె వెళ్లాడు. ఆసనాలు ఎంత కచ్చితంగా, ఎంత కష్టంగా చేసేవాడో అందరికీ తెలుసు. ఆయనే రోగులకీ వయసు మళ్లినవాళ్లకీ నేర్పాల్సి వచ్చినప్పుడు చెక్క ఇటుకలు, తాళ్లు, బెల్టులు, బల్లలు, వీపు పలక తీసేసిన మడత కుర్చీలు వాడటం మొదలుపెట్టాడు. నేను చెప్పదలచుకున్నది ఇంకొకటి. 2014లో చనిపోయేనాటికి ఆయన వయసు 95. తొంభై దాటాక ఆయన స్వయంగా ఆ ఆసరాల మీదే సాధన చేశాడు. ‘ఇంకా’ అని ఆయన్ని ఎవరైనా అడిగి ఉంటారా!

ఆయన పద్ధతిలోనే నేర్చుకున్న మాథ్యూ శాన్‌ఫర్డ్ అనే అమెరికన్ ఉన్నాడు. 13 ఏళ్ల వయసులో కారు ప్రమాదంలో ఛాతీ కింది భాగమంతా చచ్చుబడిపోయింది. చక్రాల కుర్చీలో ఉంటూనే పాతికేళ్ల వయసులో యోగా మొదలుపెట్టి, ఆ తర్వాత తానే నేర్పేవాడయ్యాడు. ఆయన చేసేది యోగా కాదనగలిగితే, యోగా అంటే కాలి వేళ్లు ముట్టుకోవడమేనని ఒప్పుకోవాల్సి వస్తుంది.

యోగా వల్ల నొప్పి మాయమైపోతుందని నేను చెప్పను. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో యోగాను కూడా చేర్చింది. అదే ఏడాది, వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్ష 12 అధ్యయనాలను, మొత్తం 1,080 మందిని పరిశీలించింది. ఏ వ్యాయామమూ చేయనివాళ్లతో పోలిస్తే యోగా చేసినవాళ్ల నడుం పనితీరు మూడు, ఆరు నెలల్లో కొంత మెరుగుపడిందని తేల్చింది. మెరుగు పెద్దదేమీ కాదు, చిన్నదో మధ్యస్థమో. అదే సమీక్షలో ఇంకో మాట కూడా ఉంది. వ్యాయామం చేయనివాళ్ల కంటే యోగా చేసినవాళ్లలో ఇబ్బందులూ ఎక్కువే కనిపించాయి, వాటిలో ఎక్కువ భాగం నడుం నొప్పి పెరగడమే. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు నా మొదటి క్లాసూ, రెండో క్లాసూ గుర్తొస్తాయి. నయం చేసేదీ నొప్పి పెంచేదీ ఒకే ఆసనం కావచ్చు. అలాంటప్పుడు ఎంత ఎత్తు మీద, దేన్ని ఆనుకుని చేస్తున్నామన్నది చిన్న విషయం ఎలా అవుతుంది?

ఎముకల సంగతి కూడా ఉంది. తుంటి గిన్నె ఎంత లోతుగా ఉంది, తొడ ఎముక మెడ ఏ కోణంలో తిరిగి ఉంది అనేవి మనిషి మనిషికీ మారతాయి. పద్మాసనం కొందరికి వారంలో వస్తుంది, కొందరికి జీవితమంతా చేసినా రాదు. రానివాళ్లు బద్ధకస్తులు కారు. ఎముకకి ఎముక తగిలిన చోట సాగడానికి ఏమీ ఉండదు. అక్కడ కూడా బలవంతం చేస్తే ఆ తిప్పుడు మోకాలి మీద పడుతుంది, మోకాలు ప్రధానంగా మడవడానికి, చాపడానికి ఉన్న కీలు. పద్మాసనం కోసం మోకాళ్లు చెడగొట్టుకున్నవాళ్ల కథలు విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. పిరుదుల కింద ఓ దిండు, మోకాళ్ల కింద చెరో దుప్పటి పెట్టుకుని సుఖాసనంలో, అంటే మామూలు బాసింపట్టులో, హాయిగా కూర్చోవచ్చు కదా.

ఎదుటివాళ్లు చెప్పేదాంట్లో నిజం లేదనను. ఆసరాని తప్పుగా వాడితే అది కూడా ప్రమాదమే. బెల్టునే తీసుకోండి. అది చెయ్యి పొడవు పెంచడానికి. కొన్నాళ్లు నేను దాంతో కాలిని నా వైపు గుంజుకున్నాను, అంటే వెనకటి మాస్టారు చేసిన పని నాకు నేనే చేసుకున్నాను. వెల్లకిలా పడుకుని నడుం పైకి ఎత్తే సేతుబంధంలో కింద పెట్టే బ్లాక్ నడుం కింద ఉన్న వెడల్పాటి త్రికాస్థి ఎముక కింద ఉండాలి. రెండు అంగుళాలు పైకి జరిగి నడుం గుంటలోకి వచ్చిందంటే అసలుకే మోసం. భుజాల మీద ఆని కాళ్లు పైకి ఎత్తే సర్వాంగాసనంలో భుజాల కింద దుప్పట్లు వేసుకుని తల నేల మీద ఉంచితే మెడ మీద ఒత్తిడి తగ్గుతుంది. అదే దుప్పటి తల కింద కూడా పెడితే మెడ ఇంకా మడుచుకుపోతుంది. ఇంకొకటి, ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. ఆసరా మీద పడుకోవడం ఒక్కటే చేస్తే బలం రాదు. మోకాలి నొప్పికి తొడ ముందు కండరం బలపడాలి, నడుం నొప్పికి పిరుదులూ పొట్టా బలపడాలి. ఆసరా ఆ పని చేయడానికి భయం లేని చోటు చూపిస్తుంది, పని మాత్రం మనమే చేయాలి. కొన్నాళ్లకి బ్లాక్ ఎత్తు తగ్గించాలనిపిస్తే తగ్గించండి. సాధారణంగా అది తొమ్మిది అంగుళాల పొడవు, ఆరు వెడల్పు, నాలుగు మందం ఉంటుంది కాబట్టి ఒకే బ్లాకులో మూడు ఎత్తులున్నాయి. నేను ఎడమవైపు మధ్య ఎత్తు మీద చేస్తాను, కుడివైపు ఇప్పటికీ నిలువుగానే పెడతాను. పాత దెబ్బ అటే.

కొనాల్సిన అవసరం కూడా పెద్దగా లేదు. దుప్పట్లు, తువాళ్లు, గట్టి దిండు, లావు పుస్తకాలు, ఒక గోడ, చక్రాలు లేని గట్టి కుర్చీ చాలు. కుర్చీని గోడకి ఆనించి పెట్టండి, జారకుండా కింద మ్యాట్ వేయండి. నొప్పి కాల్లోకి పాకుతూ తిమ్మిరి, బలహీనత ఉంటే, మూత్రం పట్టు తప్పుతుంటే ఆసనాల సంగతి తర్వాత, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. గ్లకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్లు తలకిందుల ఆసనాలు వేయకూడదు. ఎముకలు గుల్లబారినవాళ్లు వెన్ను గుండ్రంగా వంచే ఆసనాలు మానుకోవాలి.

చివరగా మా అమ్మ గురించి. అమ్మకి డెబ్బై ఒకటి, రెండు మోకాళ్లూ అరిగాయి. “నేల మీద కూర్చోలేనిదానికి నాకెందుకే యోగా” అని ఎన్నేళ్లో తప్పించుకుంది. ఒకరోజు కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా ఇంకో కుర్చీ వేసి కుడి మడమ దాని మీద పెట్టించాను. మోకాలి కింద చుట్టిన తువాలు. “దీన్ని మోకాలితో కిందకి నొక్కు అమ్మా” అన్నాను. మొదట కాలి వేళ్లు బిగించింది, తర్వాత దవడ బిగించింది, మోకాలు మాత్రం కదల్లేదు. తొడ మీద చెయ్యి వేసి “ఇక్కడి నుంచి” అన్నాను. చిప్ప పైన కండరం నా చేతి కింద సన్నగా వణికి గట్టిపడింది. అమ్మ ఆశ్చర్యంగా తన కాలి వంకే చూసింది. “ఇది నాదేనా” అంది. ఐదు లెక్కపెట్టేదాకా నొక్కడం, వదలడం. పేరు అడిగితే దండాసనమని చెప్పాను. కాళ్లు చాపి నిటారుగా కూర్చునే దండాసనమే అది. కుర్చీలోంచి చేతులు పట్టుకోకుండా లేవడం కూడా సాధన చేయించాను. మొదట్లో కూర్చునే చోట మూడు దుప్పట్లు వేస్తే గానీ లేవలేకపోయేది. నాలుగు నెలలకి రెండుకి వచ్చింది.

ఇప్పుడు పొద్దున్నే నేను పిలవకముందే రెండు కుర్చీలూ ఎదురెదురుగా వేసుకుంటుంది. నిన్న ముసురు పట్టింది, మోకాళ్లు పట్టేశాయి. నేను అలవాటుగా రెండు దుప్పట్లు తెచ్చి కుర్చీలో వేశాను. అమ్మ చేత్తో ఎత్తు చూసింది, నిలబడి ఒక్క క్షణం మోకాలు తడుముకుంది.

“ఇవాళ రెండు చాలవే, మూడోది కూడా పట్రా” అంది.